రంగారెడ్డి దక్షిణ మండలాల్లో జనం బాగోగులు కొలవాలి: 600 ఇళ్ల సర్వేలో ఏం అడగాలి, ఎలా లెక్కకట్టాలి?

మాడ్గుల మిత్ర (ప్రశ్న)

మాడ్గుల, తలకొండపల్లి, కేశంపేట మండలాల్లో ఒక స్వచ్ఛంద సంస్థ తరఫున రెండేళ్ల కార్యక్రమం మొదలవుతోంది. అందులో మూడు పనులున్నాయి: పెద్దవాళ్లకు పగటిపూట సంరక్షణ కేంద్రాలు, తాగునీటి పైపుల మరమ్మతు, 15 ఏళ్లు దాటిన ఆడపిల్లలకు రక్తహీనత పరీక్షలు, మందులు. నిధులిచ్చేవాళ్లు "మొదలుపెట్టే ముందు, అయిపోయాక శ్రేయస్సు సూచీ ఎంతో ఒక్క అంకెలో చెప్పండి" అంటున్నారు.

జిల్లా లెక్కలు చూస్తే పని జరగదు. తలసరి ఆదాయంలో రంగారెడ్డి రాష్ట్రంలోనే మొదటి వరసలో ఉంటుంది. శేరిలింగంపల్లి ఐటీ కంపెనీలు, మాడ్గుల మెట్ట పొలాలు ఒకే జిల్లా ఖాతాలో పడటమే దీనికి కారణం. అది ఆ జిల్లాలో జరిగిన ఉత్పత్తి విలువను జనాభాతో భాగించిన అంకె, ఇంటికి వచ్చిన డబ్బు కాదు. అందుకే సొంత సర్వే తప్పడం లేదు.

చేతిలో ఉన్నవి: ఆరుగురు సర్వేయర్లు, ఒక నెల, 600 ఇళ్లు. ఇప్పటికి రాసుకున్న ప్రధాన ప్రశ్న: "మీరు సంతోషంగా ఉన్నారా? అవును / కాదు." ఆ తర్వాత పథకాల గురించి 40 ప్రశ్నలు. అడగదలచుకున్నవి ఇవి: ఈ ప్రశ్న సరిపోతుందా? 600 సరిపోతాయా? అన్నిటినీ కలిపి ఒక్క అంకె చేయవచ్చా, చేస్తే ఎలా?

---

తూనికరాయి

ముందు ఆ అవును/కాదు ప్రశ్న తీసేయండి. గుమ్మంలో నిలబడి ఒక కొత్త మనిషి "సంతోషంగా ఉన్నారా" అని అడిగితే మన ఊళ్లలో ఎక్కువమంది "ఆ, బాగానే ఉన్నం" అంటారు. అది పలకరింపుకు జవాబు. పైగా రెండే గడులుంటే రెండేళ్లలో వచ్చే చిన్న మార్పు అందులో కనబడదు.

ఓఈసీడీ (అభివృద్ధి చెందిన దేశాల ఆర్థిక సహకార సంస్థ) 2013లో దేశాల గణాంక సంస్థలకు ఇచ్చిన మార్గదర్శకాల్లో ప్రధాన ప్రశ్న జీవితం పట్ల తృప్తి, 0 నుంచి 10 స్కేలు మీద. బ్రిటన్ గణాంక కార్యాలయం 2011 ఏప్రిల్ నుంచి నాలుగు ప్రశ్నలు అడుగుతోంది: జీవితం పట్ల తృప్తి, చేసే పనులకు విలువ ఉందనే భావన, నిన్న ఎంత సంతోషం, నిన్న ఎంత ఆందోళన. నాలుగూ 0–10 స్కేలే. ఈ నాలుగూ ఒకటి కాదు. మొదటిది మనిషి తన బతుకు మీద ఇచ్చే తీర్పు, చివరి రెండూ నిన్నటి రోజు మనసు ఎలా ఉందో చెబుతాయి. కూతురి పెళ్లి అప్పు తీరిన మనిషి మొదటిదానికి 7 చెప్పి, నిన్న మోకాలి నొప్పితో గడిపినందువల్ల మూడోదానికి 3 చెప్పవచ్చు. రెండూ నిజమే. అందుకే నాలుగింటినీ కలిపి సగటు తీయకండి, విడివిడిగా చూపించండి. ఆందోళన ప్రశ్నలో ఎక్కువ అంకె అంటే ఎక్కువ కష్టం అని డేటా చూసేవాళ్లకు ముందే చెప్పండి. దాన్ని తిప్పడం మరచిపోయి తల్లకిందులు నివేదిక ఇవ్వడం తరచూ జరిగే పొరపాటు.

అమెరికా సర్వే సంస్థ గ్యాలప్ వాడేది హాడ్లీ క్యాంట్రిల్ 1965లో రూపొందించిన నిచ్చెన ప్రశ్న. చదువు రానివాళ్ల దగ్గర బొమ్మ చూపించి అడగడానికి ఇది వీలుగా ఉంటుంది. తెలుగులో ఇలా అడగవచ్చు:

"ఇదిగో నిచ్చెన. అడుగున 0, పైన 10. మీకు దక్కగలిగిన బతుకుల్లో అన్నిటికన్నా మంచిది పై మెట్టు. అన్నిటికన్నా అధ్వాన్నమైంది అడుగు మెట్టు. ఇప్పుడు మీరు ఏ మెట్టు మీద ఉన్నరనుకుంటున్నరు?"

ఇందులో ఒక చిక్కుంది. నిచ్చెన బొమ్మ చూడగానే మనసు డబ్బు, హోదా వైపు పోతుందని పరిశోధనల్లో తేలింది. అందుకని నిచ్చెన ఒక్కటే పెట్టకుండా తృప్తి ప్రశ్న కూడా పెట్టండి: "అన్నీ కలిపి చూసుకుంటే, ఈ మధ్య మీ బతుకు మీద మీకు ఎంత తృప్తి ఉంది? అస్సలు లేకపోతే 0, పూర్తిగా ఉంటే 10." "పదికి ఎన్ని మార్కులు వేస్తారు" అని మాత్రం అడగవద్దు. మార్కులనగానే ఎవరినో పాస్ చేస్తున్నామనే భావం వస్తుంది. ఆ "ఎవరో" చాలాసార్లు సర్కారు అవుతుంది.

ఇంకొకటి, అన్నిటికన్నా ముఖ్యమైంది. పథకాల మీది 40 ప్రశ్నలు ఈ ప్రశ్నల తర్వాతే రావాలి. అమెరికాలో గ్యాలప్ రోజువారీ సర్వేలో నిచ్చెనకు ముందు రాజకీయ ప్రశ్నలు అడిగినప్పుడు సగటు గణనీయంగా పడిపోయిందని ఆర్థికవేత్త ఆంగస్ డీటన్ చూపించారు. పింఛను, రేషన్ కార్డు, రైతు భరోసా గురించి పది నిమిషాలు మాట్లాడాక "బతుకు ఎలా ఉంది" అంటే జవాబు పింఛను గురించే వస్తుంది. వరుస ఇలా పెట్టుకోండి: ఇంట్లో ఎవరెవరున్నారో వివరం, వెంటనే తృప్తి, నిచ్చెన, నిన్నటి ప్రశ్నలు, ఆ తర్వాతే మిగతావి. రెండో విడతలో కూడా ఇదే వరుస, ఇవే మాటలు. మధ్యలో "కాస్త మెరుగైన" పదం దొరికిందని మారిస్తే రెండు విడతలను పోల్చడం కుదరదు.

అచ్చు వేసే ముందు ఇరవైమందితో పరీక్ష చేయండి. అంకె చెప్పాక "ఏం గుర్తుకొచ్చి ఆ మెట్టు చెప్పారమ్మా?" అని అడిగి, అన్న మాటను అన్నట్టే రాసుకోండి. "మీరు ఎంత రాసుకుంటే అంత" అన్నవాళ్లు, పక్కింటివాళ్లతో పోల్చి చెప్పినవాళ్లు, దేవుడి దయ అన్నవాళ్లు ఎంతమందో చూడండి. మొదటి రకం ఇరవైలో నలుగురైదుగురు దాటితే ప్రశ్న ఇంకా అర్థం కావడం లేదన్నమాట.

---

నమూనా

600 సరిపోతాయా అన్నదానికి జవాబు ఎన్ని ఊళ్లలో 600 అన్నదాన్ని బట్టి ఉంటుంది.

0–10 తృప్తి ప్రశ్నలో జవాబుల చెదరింపు, అంటే ప్రామాణిక విచలనం, 2.3 అనుకుందాం. మామూలుగా 2 నుంచి 2.5 మధ్య వస్తుంది. ఒకే ఊరివాళ్ల జవాబుల్లో కొంత పోలిక ఉంటుంది. నీరు, రోడ్డు, పంట అందరికీ ఒకటే కదా. ఆ పోలిక గుణకం 0.05 అనుకుంటే:

30 క్లస్టర్లలో (ఇళ్లు ఎంచుకునే చోట్లలో) 20 ఇళ్ల చొప్పున తీస్తే డిజైన్ ప్రభావం 1 + 19 × 0.05 = 1.95. అంటే 600 ఇళ్లు 308 స్వతంత్ర ఇళ్లతో సమానం. సగటుకు అటూ ఇటూ 0.26 తేడా.

60 క్లస్టర్లలో 10 చొప్పున తీస్తే 1 + 9 × 0.05 = 1.45. 600 ఇళ్లు 414కు సమానం. తేడా 0.22కు తగ్గుతుంది.

కాబట్టి ఎక్కువ చోట్ల తక్కువ ఇళ్లు. మూడు మండలాల్లో 60 క్లస్టర్లు కావాలంటే గ్రామ పంచాయతీని ఒక్కటిగా కాకుండా ఆవాసాలుగా విడగొట్టుకోండి, తండాలను విడిగా లెక్కపెట్టండి. తండాలు జాబితాలోకి రాకుండా పోవడం మన సర్వేల్లో పాత జబ్బు. ఊరి మధ్య బస్టాండు దగ్గర మొదలుపెట్టి కుడిచేతి వరస అనుకుంటూ పోతే చివరి వాడకు చేరేసరికి కోటా అయిపోతుంది. మొదటి రోజు ఇళ్ల జాబితా రాసి, దాన్నుంచి విరామం లెక్కతో తీయండి: 180 ఇళ్లుంటే ప్రతి 18వ ఇల్లు, ఎక్కడ మొదలుపెట్టాలన్నది చీటీ తీసి.

ఇంట్లో ఎవరిని అడగాలి? ఎవరు దొరికితే వారిని అడిగితే పగలు ఇంట్లో ఉండే పెద్దవాళ్లు, కోడళ్లు ఎక్కువవుతారు. హైదరాబాదుకు పొద్దున్నే పనికి పోయేవాళ్లు కనబడకుండా పోతారు. 18 దాటిన అందరి పేర్లు వయసు వరుసలో రాసి కిష్ పట్టికతో (ఇంట్లో ఎవరిని అడగాలో లాటరీలా తేల్చే పట్టిక) ఒకరిని ఎంచుకోండి. ఆ మనిషి లేకపోతే సాయంత్రం ఆరు తర్వాత, ఆదివారం, మొత్తం మూడుసార్లు వెళ్లాలి. "బదులుగా తమ్ముడిని రాసుకుందాం" అనడానికి వీల్లేదు. లెక్క చేసేటప్పుడు ఇంట్లో ఎంతమంది పెద్దలుంటే అంత బరువు ఇవ్వాలి. ఐదుగురున్న ఇంట్లో ఒక్కరు ఐదుగురి తరఫున మాట్లాడుతున్నారు మరి.

ఒక సర్వేయరు రోజుకు 5 పూర్తి ఇంటర్వ్యూలు చేయగలరు. ఆరుగురికి 30, మొత్తానికి 20 పనిదినాలు. తిరిగి వెళ్లే రోజులు కలుపుకుంటే నెల సరిగ్గా సరిపోతుంది. ఒక్కో సర్వేయరును ఒక్కో మండలానికి కట్టేయకండి, అందరినీ మూడు చోట్లకూ తిప్పండి. లేకపోతే మండలం తేడాయా, సర్వేయరు తేడాయా అన్నది తర్వాత ఎవరూ విడదీయలేరు. వారానికోసారి ఒక్కొక్కరి జవాబుల పంపిణీ చూడండి. మిగతావాళ్ల దగ్గర 5 అనే జవాబు పాతిక శాతం ఉండి ఒకరి దగ్గర యాభై శాతం ఉంటే, ఆ వ్యక్తి తడబడినవాళ్లకు "మధ్యలో వేసుకోనా?" అని అందిస్తున్నట్టే.

మండలాలకు ర్యాంకులు ఇవ్వమని అడుగుతారు, తప్పకుండా అడుగుతారు. మండలానికి 200 ఇళ్లు, పై 1.45 డిజైన్ ప్రభావంతో 138కి సమానం. ఒక్కో మండలం సగటుకు అటూ ఇటూ 0.38. రెండు మండలాల మధ్య తేడాకు అటూ ఇటూ 0.54. ఒకచోట 5.4, ఇంకోచోట 5.8 వస్తే మొదటిది వెనకబడిందని చెప్పే హక్కు ఆ డేటా ఇవ్వదు.

---

మాడ్గుల మిత్ర

చాలా ఉపయోగం, ఇద్దరికీ ధన్యవాదాలు. రెండో విడతలో కొత్త 600 ఇళ్లు తీయాలా, ఇవే ఇళ్లకు వెళ్లాలా? కార్యక్రమం 30 ఆవాసాల్లోనే ఉంటుంది. మిగతా 30 పోలిక కోసం అనుకుంటున్నాం.

---

నమూనా

అవే ఇళ్లు, అదే మనిషి. ఒకే మనిషి రెండు జవాబుల మధ్య సహసంబంధం (రెండూ ఎంత కలిసి నడుస్తాయో చెప్పే కొలత) 0.5 ఉంటుందనుకుంటే, 0.3 పాయింట్ల మార్పు పట్టుకోవడానికి 461 మంది చాలు. విడతకో కొత్త గుంపు తీస్తే ఒక్కో విడతకు 922 మంది కావాలి. ఇవి క్లస్టర్ ప్రభావం కలపకముందు లెక్కలు.

పోలిక ఊళ్లు పెట్టుకోవడం మంచి ఆలోచన. అది లేకపోతే వానలు బాగా పడిన ఏడాది మీ కార్యక్రమానికి పేరొస్తుంది, ఎండిన ఏడాది చెడ్డపేరొస్తుంది. కానీ ఇక్కడ ఒక చేదు లెక్క ఉంది. రెండు గుంపుల్లో 300 చొప్పున ఉండి, వలసలు, మరణాలు, నిరాకరణల వల్ల 15 శాతం తగ్గితే 255 మిగులుతారు. ఆ సంఖ్యతో మీరు నమ్మకంగా పట్టుకోగలిగే తేడా 0.57 పాయింట్లు, అదీ క్లస్టర్ ప్రభావం కలపకుండా. ఉద్యోగం పోతే జీవిత తృప్తి దాదాపు అర పాయింటు తగ్గుతుందని బ్రిటన్ ప్రభుత్వ మార్గదర్శకాల్లో ఉంది. ఉద్యోగం పోయినంత పెద్ద మార్పును పైపుల మరమ్మతు తెస్తుందని ఆశించలేం. నిచ్చెన కదలలేదు కాబట్టి కార్యక్రమం విఫలమైందనే నివేదిక రాకూడదంటే, పనికి దగ్గరగా ఉండే కొలతలు తప్పక పెట్టుకోండి:

నీటికి: నిన్న నీళ్లు తేవడానికి ఎన్ని నిమిషాలు, ఎవరు వెళ్లారు, గత ఏడు రోజుల్లో కుళాయి ఎన్ని రోజులు రాలేదు.

పెద్దవాళ్లకు: మూడు ప్రశ్నల యూసీఎల్‌ఏ ఒంటరితనం కొలత. తోడు లేదనిపించడం, ఎవరూ పట్టించుకోవడం లేదనిపించడం, అందరికీ దూరమైనట్టు అనిపించడం, వీటిలో ఒక్కోదానికి 1 నుంచి 3. మొత్తం 3 నుంచి 9, మామూలుగా 6 ఆ పైన వస్తే ఒంటరితనం కింద లెక్క.

ఆడపిల్లలకు: హిమోగ్లోబిన్ డెసిలీటరుకు 12 గ్రాముల లోపుంటే రక్తహీనత. రెండు విడతల్లోనూ ఒకే పద్ధతిలో రక్తం తీయాలి. ఒకసారి వేలి నుంచి, ఇంకోసారి నరం నుంచి తీస్తే ఆ తేడానే మార్పులా కనబడుతుంది.

సమయం గురించి: రెండు విడతలూ ఒకే నెలల్లో జరగాలి. రైతు భరోసా జమ అయిన వారం, బతుకమ్మ–దసరా రోజులు, ఎన్నికల ప్రచారం ఉన్న నెల వదిలేయండి.

---

ఇంటిపని లెక్క

ఇక్కడ ఒక విషయం గట్టిగా చెప్పాలి. పైన చెప్పినవన్నీ చేసినా, "మీకు ఎంత తృప్తి" అన్న జవాబు మీద ఆధారపడి పేదల కోసం నిర్ణయాలు తీసుకోవడం ప్రమాదం. అమర్త్య సేన్ దశాబ్దాలుగా చెబుతున్నది ఇదే: ఏళ్లతరబడి లేమిలో ఉన్నవాళ్లు ఆశలను తగ్గించుకుని, ఉన్నదానితో సరిపెట్టుకుంటారు. ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్-5 (ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే) ప్రకారం తెలంగాణలో 15–49 ఏళ్ల ఆడవాళ్లలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది, ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం. వాళ్లను అడిగితే "నాకేం, బాగానే ఉన్న" అంటారు. ఆయాసం రోజూ ఉండేదే కాబట్టి అది జబ్బుగా లెక్కకు రాదు.

కాలం లెక్క తీయండి, అది ఇంత తేలిగ్గా సరిపెట్టుకోదు. జాతీయ గణాంక కార్యాలయం 2019 కాలవినియోగ సర్వేలో జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్లు దానికి రోజుకు 299 నిమిషాలు పెడుతున్నారు, చేసే మగవాళ్లు 97 నిమిషాలు. 2024 సర్వేలో అవి 289, 88. ఐదేళ్లలో ఆడవాళ్లకు తగ్గింది పది నిమిషాలు. పద్ధతి ఏమిటంటే, ముందు రోజు తెల్లవారుజామున 4 నుంచి ఈ రోజు 4 వరకు అరగంట గడులు. మీకు అన్ని గడులూ నింపే తీరిక ఉండదు. ఐదు పనులకే అడగండి: వంట, నీళ్లు–కట్టెలు, పిల్లలు–ముసలివాళ్లు–రోగుల సేవ, కూలి లేదా సొంత పొలం పని, నిద్ర. "నిన్న ఎన్నింటికి లేచారు, లేచాక ఏం చేశారు, ఆ తర్వాత?" అని వరుసగా చెప్పించి సర్వేయరే గడుల్లో వేయాలి. "వంటకు ఎంతసేపు పడుతుంది?" అని నేరుగా అడిగితే "ఎంతసేపు, గంట" అనే జవాబు వస్తుంది. వంట చేస్తూ పిల్లను ఎత్తుకుంటే రెండు పనులూ రాయాలి, రెండోదానికి పక్క గడి పెట్టండి. పిల్లల సంరక్షణ ఎప్పుడూ తక్కువగా నమోదయ్యేది ఆ గడి లేకపోవడం వల్లే.

ఇంటర్వ్యూ ఏకాంతంగా జరగాలి. కోడలితో మాట్లాడేటప్పుడు అత్త పక్కన కూర్చుంటే తృప్తి పెరుగుతుంది, ఆందోళన తగ్గుతుంది. సర్వేయర్లను ఇద్దరిద్దరుగా పంపి, ఒకరు ఇంటి ఆస్తుల ప్రశ్నలు అత్తగారిని పెరట్లో అడుగుతుండగా రెండోవారు కోడలితో మాట్లాడేలా చూడండి. పక్కన ఎవరున్నారో ప్రతి ఫారం మీద రాయించండి, తర్వాత పోల్చుకోవచ్చు. ఆశా కార్యకర్త చేత, అంగన్‌వాడీ టీచరు చేత, పంచాయతీ సిబ్బంది చేత అడిగించవద్దు. వాళ్లు మంచివాళ్లే, కానీ వాళ్లకు చెప్పింది పథకం కోతకో చేర్పుకో దారితీస్తుందని జనం అనుకుంటారు.

చివరగా, మనసు గురించి అడిగితే బాధ్యత కూడా మోయాలి. డబ్ల్యూహెచ్‌ఓ-5 వాడితే (ప్రపంచ ఆరోగ్య సంస్థ మానసిక శ్రేయస్సు కొలత: ఐదు ప్రశ్నలు, గత రెండు వారాల గురించి, ఒక్కోదానికి 0–5, మొత్తాన్ని 4తో గుణిస్తే 100కి స్కోరు) 50, అంతకు తక్కువ వచ్చినవాళ్లను ఎక్కడికి పంపాలో ముందే తేల్చుకోండి. టెలి మానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) 14416 నంబరు రాసిన చీటీ ప్రతి ఇంట్లో ఇవ్వండి, తక్కువ స్కోరు వచ్చిన ఇళ్లలో మాత్రమే కాదు. ఎంపిక చేసి ఇస్తే ఊరందరికీ తెలిసిపోతుంది.

---

తూనికరాయి

ఇంటిపని లెక్క గారూ, రక్తహీనత ఉన్న మనిషి తృప్తి 8 చెప్పిందని 8ని పారేయాలా? అది ఆమె సొంత జీవితం మీద ఆమె మాట. దాన్ని తీసేస్తే ఆమెకు ఏది ముఖ్యమో మనమే తేల్చినట్టవుతుంది. రెండూ పక్కపక్కన పెట్టి, లేమి ఎక్కువ–తృప్తి ఎక్కువ ఉన్నవాళ్లు ఎంతమంది, లేమి తక్కువ–తృప్తి తక్కువ ఉన్నవాళ్లు ఎంతమంది అని నాలుగు గడుల పట్టిక వేయాలి. రెండో గుంపులో తరచూ ఇల్లు, బండి అన్నీ ఉండి అప్పు, తాగుడు, ఒంటరితనం ఉన్నవాళ్లు బయటపడతారు. వస్తువుల లెక్కలో వాళ్లు కనబడనే కనబడరు.

స్కేలును వేర్వేరుగా వాడుకునే సమస్యకు చిన్న కథల పద్ధతి ఉంది. అందరికీ ఒకే కథ: "సరోజకు 45 ఏళ్లు. రెండెకరాలుంది, లక్ష అప్పుంది. కొడుకు సిటీలో పని చేసి నెలనెలా పైసలు పంపుతడు. మోకాళ్లు నొస్తయి. ఆమెది ఏ మెట్టు?" ఒకరు సరోజకు 7, ఇంకొకరు 4 ఇస్తే వాళ్ల సొంత అంకెలను ఆ తేడాతో కలిపి చదవవచ్చు. రెండు కథలు చాలు, అంతకు మించితే విసుగు. వాటిని సొంత ప్రశ్న తర్వాత పెట్టండి.

---

ఇంటిపని లెక్క

పక్కపక్కన పెట్టడానికి అభ్యంతరం లేదు. రెండింటినీ కలిపి సగటు తీసి, తృప్తి ఎక్కువ ఉంది కాబట్టి లేమి మాఫీ అయిపోయినట్టు చూపించడానికే అభ్యంతరం.

---

గడుల పుస్తకం

అదే ఒక్క అంకె సమస్య. మూడో ప్రశ్నకు ఇంకా ఎవరూ చెప్పలేదు కాబట్టి కాస్త వివరంగా.

మొదట ఒక అపోహ. ప్రపంచ సంతోష నివేదికలో భారత్ 2025లో 147 దేశాల్లో 118వ స్థానంలో ఉంది. అది ఆదాయం, తోడు, ఆరోగ్యకర ఆయుర్దాయం, స్వేచ్ఛ, దానగుణం, అవినీతి అనే ఆరు అంశాలను కలిపి చేసిన సూచీ అని పత్రికల్లో రాస్తుంటారు. కాదు. ర్యాంకు వచ్చేది ఒక్క నిచ్చెన ప్రశ్నకు మూడేళ్ల జవాబుల సగటు నుంచే. దేశాల మధ్య తేడా ఎందుకొచ్చిందో వివరించడానికి మాత్రమే ఆ ఆరూ. నిధులిచ్చేవాళ్లు "ఆ నివేదికలాగే ఆరింటినీ కలపండి" అంటే ఈ మాట చెప్పండి.

నిజంగా కలిపే పద్ధతుల్లో మీ పనికి సరిపోయేది ఆల్కైర్, ఫాస్టర్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు చేసిన ఆల్కైర్–ఫాస్టర్ లెక్క. నీతి ఆయోగ్ బహుముఖ పేదరిక సూచీ, భూటాన్ స్థూల జాతీయ సంతోష సూచీ రెండూ దాని మీదే నడుస్తాయి. దీని బలం ఏమిటంటే ఊరి సగటులతో మొదలుకాదు. ఒక్కో మనిషికి లేదా ఇంటికి ఏమేం తక్కువో ముందు కూడుతుంది, తర్వాతే జనాన్ని లెక్కపెడుతుంది. ఒకే ఇంట్లో నాలుగు లోట్లు ఉండటం, నాలుగిళ్లలో ఒక్కో లోటు ఉండటం సగటుల్లో ఒకేలా కనబడతాయి, ఇక్కడ వేరుగా కనబడతాయి.

నీతి ఆయోగ్ సూచీలో 12 అంశాలు. పోషణ, చదివిన ఏళ్లు, బడికి హాజరు ఒక్కోదానికి ఆరో వంతు బరువు. పిల్లల మరణాలు, ప్రసూతి ఆరోగ్యం పన్నెండో వంతు చొప్పున. వంట ఇంధనం, మరుగుదొడ్డి, తాగునీరు, కరెంటు, ఇల్లు, ఆస్తులు, బ్యాంకు ఖాతా ఇరవయ్యొకటో వంతు చొప్పున. మొత్తం లోటు మూడో వంతు చేరితే ఆ ఇల్లు పేద. ఒక ఇంట్లో పోషణ, ఇంధనం, మరుగుదొడ్డి, ఇల్లు నాలుగూ లోటే అనుకోండి: 0.167 + 0.048 × 3 = 0.31. పేద కాదు! ఆస్తుల లోటు కూడా ఉంటే 0.357, అప్పుడు పేద. గీత ఎక్కడ గీశారన్నదే ఎంత తేడా తెస్తుందో చూడండి. ఈ లెక్కలో తెలంగాణ 13.18 శాతం నుంచి 5.88కి, ఆంధ్రప్రదేశ్ 11.77 నుంచి 6.06కి వచ్చాయి (2015–16, 2019–21 మధ్య). బ్యాంకు ఖాతా, కరెంటు వంటివి దాదాపు అందరికీ అందాక ఆ అంశాలు ఇక మనుషుల మధ్య తేడా చూపించవు. కాబట్టి మీ మూడు మండలాల్లో ఈ 12 అంశాలనే మళ్లీ వాడితే ఉపయోగం తక్కువ.

భూటాన్‌ది తిరగేసిన లెక్క. 9 రంగాలు, 33 సూచికలు, ఒక్కోదానికి "ఇంత ఉంటే చాలు" అనే గీత. 66 శాతం బరువున్న సూచికల్లో చాలినంత ఉంటే సంతోషంగా ఉన్నట్టు. ఆ పైన ఎంత ఉన్నా అదనపు మార్కులు లేవు. కోట్లు ఉండటం నిద్ర లేకపోవడాన్ని పూడ్చదు. 2022లో 48.1 శాతం మంది గీత దాటారు. మిగిలిన 51.9 శాతం మందికి సగటున 42.2 శాతం సూచికల్లో లోటు. 0.519 × 0.422 = 0.219. ఒకటిలోంచి తీసేస్తే 0.781, అదే సూచీ. 2010లో 0.743, 2015లో 0.756.

మీకు పది సూచికలు చాలు, సమాన బరువులు: హిమోగ్లోబిన్ (ఇంట్లో పరీక్ష చేసిన ఆడపిల్లలకు, వాళ్లు లేని ఇంటికి వైద్యం అందుబాటు), గత ఏడు రోజుల్లో ఆరు రోజులు నీరు, నీటికి 30 నిమిషాల లోపు, నిద్ర 7 గంటలు, జీతం లేని పని 5 గంటల లోపు, వడ్డీకి ఇచ్చేవాళ్ల అప్పు లేకపోవడం, ఆపదలో సాయానికి ఇంటి బయట ఒక మనిషి, ఒంటరితనం 6 లోపు, డబ్ల్యూహెచ్‌ఓ-5 స్కోరు 50 పైన, ఊళ్లో భయం లేకుండా తిరగగలగడం. పదిలో ఏడు ఉంటే సరే. 40 శాతం మంది గీత కింద, వాళ్లకు సగటు లోటు 50 శాతం అనుకుంటే సూచీ 1 − 0.40 × 0.50 = 0.80. రెండేళ్లకు 36 శాతం, 45 శాతం అయితే 0.838. ఇక్కడ ఆగకూడదు. ఆ పెరుగుదలలో నీటి వాటా ఎంత, ఒంటరితనం వాటా ఎంత అని విడగొట్టే వీలు ఈ పద్ధతిలో ఉంది, అదే నివేదికలో పెద్ద పట్టిక కావాలి. తృప్తి, నిచ్చెన ప్రశ్నలు ఈ సూచీలో కలపవద్దు, పక్కన ఉంచండి. పైన ఇద్దరి వాదనకూ సరిపడే మార్గం ఇదేననిపిస్తోంది.

గీతలన్నీ మొదటి విడత డేటా చూడకముందే రాసి, తేదీ వేసి, నిధులిచ్చేవాళ్లకు పంపండి. తర్వాత గీతను ఆరు నుంచి ఎనిమిది వరకు మార్చి చూడండి. ఊళ్ల వరుస పూర్తిగా తలకిందులైతే ఆ సూచీ మీద ఆధారపడి ఎవరికీ డబ్బు కేటాయించకూడదు.

---

పద్దు

ఈ అంకెలు వచ్చాక ఏం చేస్తారన్నది కూడా ఇప్పుడే తేలాలి. చాలా సూచీలు ఆవిష్కరణ సభతో ఆగిపోవడానికి కారణం బడ్జెట్ కాగితంలో వాటికి గడి లేకపోవడమే. న్యూజిలాండ్ 2019లో శ్రేయస్సు బడ్జెట్ పెట్టినప్పుడు మానసిక ఆరోగ్యానికి 190 కోట్ల న్యూజిలాండ్ డాలర్లు కేటాయించారు. వేల్స్ 2015లో భవిష్యత్ తరాల శ్రేయస్సు చట్టం చేసి, ప్రభుత్వ సంస్థలు ఏడు లక్ష్యాలకు జవాబు చెప్పాలని పెట్టింది. ఆంధ్రప్రదేశ్ స్వర్ణాంధ్ర 2047 పత్రంలో సంపద, ఆరోగ్యంతో పాటు సంతోషం కూడా ఉంది. ఏ శాఖ ఏ కొలతకు బాధ్యత వహిస్తుందో రాయనిదే ఆ మూడో మాట పత్రంలోనే మిగిలిపోతుంది.

బ్రిటన్ ఖజానా శాఖ 2021లో ఒక ధర కూడా పెట్టింది: ఒక మనిషి జీవిత తృప్తి ఒక్క పాయింటు చొప్పున ఒక ఏడాదిపాటు పెరిగితే దాని విలువ 13,000 పౌండ్లు, 2019 ధరల్లో. దీన్ని మారకం రేటుతో రూపాయల్లోకి మార్చి వాడకండి. ఆ అంకె అక్కడి ఆదాయాల నుంచి వచ్చింది. యూనిట్ మాత్రం వాడుకోవచ్చు. సంరక్షణ కేంద్రాలకు ఏడాదికి 40 లక్షలు ఖర్చయి, 2,000 మంది తృప్తి సగటున 0.1 పెరిగితే 200 యూనిట్లు, యూనిట్‌కు 20,000 రూపాయలు. ఇంకో కార్యక్రమంతో పోల్చడానికి ఇది చాలు. అయితే 'నమూనా' చెప్పినట్టు 0.1ని 600 ఇళ్లతో కొలవలేరు కాబట్టి మీ నివేదికలో ఇప్పుడు ఈ లెక్క రాయవద్దు. ఒంటరితనం ఒక్క పాయింటు తగ్గడానికి ఎంత ఖర్చయిందో రాయండి.

మండల పరిషత్ స్థాయిలో పనికొచ్చేది భూటాన్ వడపోత పద్ధతి. కొత్త విధానం వచ్చినప్పుడు 22 అంశాల మీద ఒక్కోదానికి 1 నుంచి 4 వేస్తారు: 1 చెరుపు, 2 తెలియదు, 3 మార్పు లేదు, 4 మేలు. మొత్తం 66 రాకపోతే మార్చి తీసుకురావాలి. మీ పది సూచికలకు అదే చేస్తే గీత 30. గ్రామసభలో గంటలో అయిపోతుంది. ఆడవాళ్ల చేత, మగవాళ్ల చేత, తండాలవాళ్ల చేత విడివిడిగా వేయించి మూడు కాగితాలూ పంచాయతీ గోడకు అంటించండి. ఎక్కడ ఒకరు 4, ఇంకొకరు 1 వేశారో, చర్చ అక్కడి నుంచి మొదలుపెట్టండి.

---

మాడ్గుల మిత్ర

గీతల కాగితం ఈ వారంలోనే రాసి తేదీ వేసి పంపుతాం. 60 ఆవాసాల జాబితా తయారుచేస్తున్నాం, తండాలు విడిగానే. 'గడుల పుస్తకం' గారూ, హిమోగ్లోబిన్ సూచిక ఆడపిల్లలున్న ఇళ్లకే వర్తిస్తుంది కదా, మిగతా ఇళ్లకు వైద్యం అందుబాటు పెడితే రెండు రకాల ఇళ్లను పోల్చడంలో తేడా రాదా?

---

గడుల పుస్తకం

వస్తుంది, సరైన చోట పట్టుకున్నారు. అందరికీ వైద్యం అందుబాటే సూచీలో పెట్టండి. హిమోగ్లోబిన్‌ను బయటికి తీసి, ఆడపిల్లలకు విడిగా పట్టిక వేయండి. పది సూచికలూ అందరికీ ఒకటే అవుతాయి.